ఛోంగ్ అంకుల్ నాలుగు కాటాలు

మలేషియాలోని క్లువాంగ్ ఊళ్ళో మెకానిక్ ఛోంగ్ యూ ఫా దగ్గరికి బండి ఒక్కటే తీసుకెళ్తే పని జరగదు. ఆ బండిలో రోజూ కూర్చునే మనుషులను కూడా తీసుకెళ్ళాలి. స్ప్రింగు మార్చినా, షాకబ్జార్బరు మార్చినా, కూర్చోవలసినవాళ్ళు తమ తమ సీట్లలో కూర్చుని, ఎవరి బరువు వాళ్ళు మోపితే తప్ప ఛోంగ్ ఆఖరి బోల్టు బిగించడు. బతిమాలినా బిగించడు, బెదిరించినా బిగించడు. అరవై ఆరేళ్ళ ఆ మనిషికి ఉన్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాలన్నిటిలోనూ అందరిలాంటివాడే.

ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకాయన జీపు తెచ్చాడు.

"ముందు సీట్లో మీరూ డ్రైవరూ. సరే. వెనక ఎవరు కూర్చుంటారు సార్?" అని అడిగాడు ఛోంగ్.

"దొంగలు."

"ఎంతమంది?"

"ఒకరోజు ఇద్దరు, ఒకరోజు ముగ్గురు. అది నా చేతిలో ఉంటుందా?"

"అయితే ఇద్దర్ని తీసుకురండి. మరీ లావువాళ్ళొద్దు, మరీ బక్కవాళ్ళొద్దు. మామూలు దొంగలు చాలు."

ఇన్‌స్పెక్టరు పడీ పడీ నవ్వాడు. ఛోంగ్ నవ్వలేదు. చివరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు దొంగలుగా వెనక కూర్చుంటే గానీ జీపు బయటికి రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే బరువు ముందుకు వస్తుందని, బోల్టులు బిగిసేదాకా ఇద్దరి చేతులూ వీపు వెనక పెట్టించాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రబ్బరు ధర పడిపోయిన రోజుల్లో మూతబడ్డ కొట్ల నుంచి ఆయన నాలుగు పాత కాటాలు కొన్నాడు. రబ్బరు షీట్లు తూచే ఇనప కాటాలు. వాటిని షెడ్డు నేలలో గుంటలు తవ్వించి దించాడు. బండి వచ్చి నిలబడితే ఒక్కో చక్రం ఒక్కో కాటా మీద ఉంటుంది. ఏ మూల ఎంత బరువుందో చూసుకుంటూ స్ప్రింగు కింది మరను అరచుట్టు, పావుచుట్టు తిప్పుతూ ఒక పూటంతా గడిపేస్తాడు.

"జాకీ మీద ఎత్తిపెట్టి, చక్రాలు గాల్లో వేలాడుతుంటే బోల్టు బిగిస్తారు చూడు, ఆ బోల్టు జన్మంతా అలిగే ఉంటుంది," అంటాడు. "బండి కిందికి దిగగానే లోపలి రబ్బరు మెలితిరిగిపోద్ది. ఎక్కేవాళ్ళు ఎక్కాలి, బండి ఎంత కుంగాలో అంత కుంగాలి, అప్పుడు బిగించాలి."

ఇంతవరకూ మిగతా మెకానిక్కులు కూడా ఒప్పుకుంటారు. కానీ వాళ్ళు దారినపోయే ఇద్దర్ని పిలిచి కూర్చోబెట్టి పని కానిచ్చేస్తారు. ఛోంగ్‌కి దారినపోయేవాళ్ళు పనికిరారు.

ఆయనకు మనుషుల పేర్లు గుర్తుండవు, బరువులు గుర్తుంటాయి. బజారులో కూరగాయలు కొంటున్న మనిషిని చూసి రోడ్డుకి ఈ పక్క నుంచి "ఏయ్, డెబ్బై మూడూ! బాగున్నావా?" అని కేకేస్తాడు. ఆ డెబ్బై మూడు సిగ్గుతో చచ్చిపోయి గోంగూర వెనక దాక్కోవడానికి చూస్తాడు. ఛోంగ్ వదలడు. దగ్గరికొచ్చి పైనుంచి కిందికి చూసి, "కాదు, డెబ్బై ఆరు. ఏమయింది?" అంటాడు.

ఆ ఊళ్ళో ఎవరెదురైనా "తిన్నావా?" అని పలకరించుకోవడం అలవాటు. అడిగినవాడికి జవాబుతో పని లేదు, చెప్పినవాడు నిజం చెప్పనక్కరలేదు. ఛోంగ్ ఒక్కడే ఆ ప్రశ్నని ప్రశ్నగా అడుగుతాడు.

"తిన్నావా?"

"ఆ, తిన్నాను అంకుల్."

"ఏం తిన్నావు?"

"నాసి లెమాక్."

"ఒక పొట్లమా, రెండా?"

"...రెండు."

"గుడ్డు?"

"ఉంది."

నాసి లెమాక్ అంటే కొబ్బరిపాల అన్నం, సంబాల్ అనే ఎర్రకారం, వేయించిన నెత్తళ్ళు కలిపి కట్టే పొట్లం. ఛోంగ్ సుద్దముక్కతో గోడ మీద ఏదో రాసుకుంటాడు. అందుకే ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది ఖాళీ కడుపుతో వస్తారు.

బడిలో లెక్కలు చెప్పే హసీమా టీచరు మాత్రం కాటా ఎక్కనని మొండికేసింది. తన బరువు చీటీ మీద రాసి, మడిచి, ఛోంగ్ చేతిలో పెట్టింది. ఆమె డ్రైవరు సీట్లో కూర్చున్నాక ఛోంగ్ చీటీ విప్పి చూశాడు, కాటా చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు.

"టీచర్, మీ చీటీ ఒకటి చెప్తోంది, మీ కుడిచక్రం ఇంకోటి చెప్తోంది. నేను చక్రాన్నే నమ్ముతాను."

టీచరు బండి తీసుకుని వెళ్ళిపోయింది. నాలుగు నెలలు పొద్దున్నే నడిచి, రాత్రుళ్ళు అన్నం మానేసి, ఏడు కిలోలు తగ్గి, గర్వంగా తిరిగొచ్చింది. ఛోంగ్ తల పట్టుకున్నాడు. "అయ్యో టీచర్, ఇప్పుడెందుకు తగ్గారు? మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి!"

ఇలాంటి మనిషి షెడ్డుకి బహరిన్ తన నీలం కారుని తాడు కట్టి లాక్కొచ్చాడు.

బహరిన్ ఆయిల్‌పామ్ తోటలో సూపర్‌వైజరు. వయసు నలభై ఏడు, బరువు ఎనభై ఒకటి. కారు వయసు ఇరవై ఆరు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జపాన్ బండి. బురదలో ఎద్దులా లాగుతుంది. ఏటా పామ్ తోటల మట్టిదారుల్లో జరిగే కార్ల రేసుకి ఆ బండితోనే వెళ్తాడు. ఆ రేసులో ఒకడు బండి తోలుతాడు. పక్క సీటువాడు ముందురోజు దారంతా తిరిగి రాసుకున్న పుస్తకం చూస్తూ, రాబోయే మలుపు కుడో ఎడమో, ఎంత పదునో అంకెల్లో కేకేసి చెబుతాడు; అంకె ఎంత చిన్నదైతే మలుపు అంత పదును. ఎటు చూసినా ఒకే ఎత్తు చెట్లు, ఒకే వరసలు కనిపించే ఆ తోటల్లో ఆ పుస్తకం లేకపోతే తోలేవాడు గుడ్డివాడే.

పుస్తకం చదివేవాడు సెల్వరత్నం, అందరికీ సెల్వా. సర్వే ఆఫీసులో భూములు కొలిచే ఉద్యోగం. అక్షరాలు అచ్చు వేసినట్టు రాస్తాడు. బరువు యాభై తొమ్మిది. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే బండిలో రేసుకి వెళ్తున్నారు. ఎప్పుడూ ఏడో స్థానం దాటి పైకి రాలేదు, దాని గురించి ఎప్పుడూ బాధపడలేదు. రేసు లేని రోజుల్లో సాయంత్రం రైలు స్టేషను పక్క కాఫీ కొట్టులో ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఆ ఏడో స్థానం ఎంత కష్టపడి వచ్చిందో వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెబుతుండేవాళ్ళు.

రెండు నెలల కిందట చిన్న పందెం ఒకటి జరిగింది. అందులో కారు మలుపు దగ్గర దారి వదిలి నేరుగా తోట కాలవలోకి దిగిపోయింది. దెబ్బలు తగల్లేదు. ముందు ఎడమ పక్క షాకబ్జార్బరు విల్లులా వంగింది. కాలవలో మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు మాత్రం గట్టిగానే తగిలాయి.

"ఎడమ అన్నావు కదరా! ఎడమకే తిప్పాను!" అన్నాడు బహరిన్.

"పుస్తకంలో ఎడమ అనే ఉంది. మలుపు వచ్చిందో లేదో చూసుకోవద్దా? కళ్ళు నీవా నావా?"

"కళ్ళు నావి. కానీ దారి నీది!"

"నా పుస్తకం తప్పు చెప్పదు."

"నీ పుస్తకాన్నే పెళ్ళి చేసుకో పో!"

అంతే. రెండు నెలలు మాటల్లేవు. కాఫీ కొట్టువాడు ఆ బల్ల దగ్గర ఒకరోజు బహరిన్‌కి, ఒకరోజు సెల్వాకి కాఫీ ఇచ్చి ఇచ్చి విసిగిపోయాడు. బహరిన్‌కి సెల్వా మీద కోపం ఉన్నమాట నిజం. అతను లేకపోతే తోచనిమాట అంతకంటే నిజం. రెండోది ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా భార్య జైతూన్‌కి తెలుసు.

"వెళ్ళి ఒక్కమాట మాట్లాడితే మీ సొమ్మేం పోతుందండీ?" అంది ఒకరోజు.

"తప్పు వాడిది."

"సరే, తప్పు ఆయనది. మొన్న మీ అక్క ఇంటికి వెళ్తూ మూడుసార్లు అదే పెట్రోలు బంకు ముందు తిరిగారు. అదెవరి తప్పు?"

పెద్ద రేసుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. బహరిన్ జపాన్ నుంచి సగానికి కోసి ఓడలో పంపే పాతబండ్ల కొట్టులో వెతికి నాలుగు కాయిలోవర్లు సంపాదించాడు. కాయిలోవరంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకే గొట్టంగా కలిసొచ్చే సరుకు. మర తిప్పితే బండి ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. ఛోంగ్ నాలుగింటినీ బల్ల మీద వరసగా పెట్టి, పాత పళ్ళబ్రష్షుతో మరల్లోని తుప్పు గీకి, గ్రీజు పూసి, రెండు రోజుల్లో బండికి ఎక్కించేశాడు. పాతబండి కాబట్టి నాలుగు బోల్టులు విరిగాయి, ఒకటి విరగకుండా ఏడిపించింది. మూడోరోజు చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"ఎనభై ఒకటి ఇక్కడుంది. యాభై తొమ్మిది ఏది?"

"ఈసారి వాడు లేడు అంకుల్. మా తమ్ముడి కొడుకు ఫిక్రీ వస్తాడు."

"ఎంత?"

"ఎనభై నాలుగు."

"మోటారు సైకిలు కొనుక్కోమను. ఈ బండి ఎడమ సీటు యాభై తొమ్మిదికి అలవాటు పడింది."

"అంకుల్, సీటుకి అలవాటేంటి?"

"నువ్వు మెకానిక్కువా, నేనా?"

మర్నాడు బహరిన్ ఒక ఉపాయం చేశాడు. యాభై తొమ్మిది కిలోల బియ్యం మూడు సంచుల్లో తెచ్చి ఎడమ సీట్లో పెట్టి బెల్టు కూడా కట్టాడు. తన తెలివికి తానే మురిసిపోతూ నిలబడ్డాడు. ఛోంగ్ కిటికీలోంచి తలపెట్టి చాలాసేపు చూశాడు.

"బియ్యానికి భయం ఉండదు," అన్నాడు.

"ఏంటి?"

"సెల్వా మలుపు వచ్చినప్పుడల్లా భయపడి కాళ్ళు నేలకి తన్ని పెడతాడు. ముందుచక్రం మీద నాలుగు కిలోలు పెరుగుద్ది. బియ్యం తంతుందా?"

"పోనీ ఇంకో నాలుగు కిలోలు కలుపుతాను!"

"ప్రతి మలుపులోనూ భయపడడుగా. నువ్వు బాగా తోలితే భయపడడు. అప్పుడు ఆ నాలుగు కిలోలు ఎవరు తీస్తారు?" ఛోంగ్ బెల్టు విప్పి సంచులు బయట పెట్టాడు. "ఇంటికి తీసుకుపో. జైతూన్‌ని అడిగానని చెప్పు. అరవై నాలుగు కదా?"

"అంకుల్, ఆ అంకె మా ఇంట్లో నా ముందు అనకండి, నా తల పగులుద్ది."

వేరే మెకానిక్కు దగ్గరికి పోదామా అంటే, ఆ బండిని అలా కాటా మీద నిలబెట్టేవాడు మరొకడు లేడు. నాలుగు చక్రాలూ లాగే బండిలో ఒక మూల తేడా వస్తే బురదమలుపులో బండి తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. బహరిన్ ఉసూరుమంటూ ఇంటికెళ్ళాడు. రేసుకి పద్నాలుగు రోజులే మిగిలాయి.

అవతల ఛోంగ్ సర్వే ఆఫీసుకి ఫోను చేశాడు.

"యాభై తొమ్మిదా? శుక్రవారం పదకొండున్నరకి షెడ్డుకి రా."

"నేను ఆ బండి ఎక్కను అంకుల్. మీకు తెలిసిందే కదా."

"నిన్ను ఎవరు రమ్మన్నారు? నీ బరువుని రమ్మన్నాను. నువ్వు మాట్లాడక్కర్లేదు, అతన్ని చూడక్కర్లేదు. కూర్చుంటే చాలు. రేసురోజు ఏమేం ఉంటాయో అన్నీ తీసుకురా. హెల్మెట్టు, బూట్లు, నీళ్ళసీసా, ఆ పుస్తకం."

"పుస్తకం కూడానా? అదెంత బరువుంటుంది?"

"నూట నలభై గ్రాములు," అన్నాడు ఛోంగ్ తడుముకోకుండా.

శుక్రవారం సెల్వా వచ్చాడు. హెల్మెట్టు ముందే పెట్టుకుని, ముఖానికి అద్దం దించుకుని, బస్సు దిగి అలాగే రోడ్డు మీద నడిచొచ్చాడు. బహరిన్ వైపు చూడకుండా ఛోంగ్‌తో అన్నాడు: "నేను మనిషిగా రాలేదు అంకుల్. బరువుగా వచ్చాను. ఆ సంగతి అవతలివాళ్ళకి కూడా చెప్పండి."

"బరువు బూట్లు తుడుచుకుని ఎక్కమనండి. నా బండి," అన్నాడు బహరిన్.

ఇద్దరూ ఎక్కారు. ఛోంగ్ అద్దాలు ఎత్తించాడు, తలుపులు వేయించాడు. "కదలొద్దు. గట్టిగా గాలి పీల్చొద్దు. నేను చెప్పేదాకా దిగొద్దు," అని చెప్పి, చిన్నచక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జారిపోయాడు.

పావుగంట గడిచింది. రేకుల షెడ్డు, మూసిన అద్దాలు, తల మీద హెల్మెట్లు. కింద నుంచి అప్పుడప్పుడు పానా టక్కుమన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. బహరిన్ మెడ మీద చెమట కారుతోంది. అద్దం మీద తన వేలితో గీతలు గీశాడు. సెల్వా వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

"అంకుల్! ఇంకెంతసేపు?" అరిచాడు బహరిన్.

"ఎనభై ఒకటి అరవొద్దు! కాటా ఊగుతోంది!"

అరగంట అయింది. సెల్వాకి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఒళ్ళో ఉన్న పుస్తకం తీశాడు. ఆ పందెం నాటి నుంచి బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసిన పుస్తకం అది. అందులో తప్పు ఉండదన్న నమ్మకం కొద్దీ ఒక్కసారి కూడా తెరవలేదు. ఇప్పుడు తెరిచి, పేజీలు తిప్పుతూ, మలుపులు తనలో తనే గొణుక్కోసాగాడు. "కుడి నాలుగు... ఎడమ మూడు, జారుడు... కుడి అయిదు..."

రెండు నెలల తర్వాత ఆ గొణుగుడు వినబడేసరికి బహరిన్ కాలు తనకు తెలియకుండానే బ్రేకు మీద కదిలింది. కోపమే అనుకుందామని చూశాడు, కాదు.

"పన్నెండో పేజీ," అన్నాడు ముందుకే చూస్తూ. "చెరువు గట్టు దాటాక. ఎడమ పొడుగు. అదేగా చదివావు?"

"బరువుతో ఎవరూ మాట్లాడకూడదు."

"నేను అద్దంతో మాట్లాడుతున్నాను."

సెల్వా పేజీ తిప్పాడు. "ఇదిగో, చెరువు గట్టు. తర్వాత పేజీ... ఎడమ పొడుగు, వేగం తగ్గించకు. చూడు! చెప్పలేదూ?"

"గట్టు దాటగానే కుడి మలుపు కదరా! రెండు పదునుది! కాలవ అక్కడేగా ఉంది!"

"కుడి ఉంటే నేను రాయనా? పంతొమ్మిదేళ్ళుగా జోహోర్ రాష్ట్రమంతా కొలుస్తున్నవాణ్ణి, ఒక మలుపు వదిలేస్తానా?" అంటూ సెల్వా పేజీ అంచు పట్టుకున్నాడు. అది కాస్త లావుగా తగిలింది. గోటితో గీరాడు. పేజీ రెండుగా విడింది. మధ్యలో, ఎర్రటి సంబాల్ మరకలో, నొక్కుకుపోయి ఎండిపోయి, ఒక నెత్తళ్ళ చేప పడుకుని ఉంది.

దాని తల దగ్గర, సెల్వా చక్కటి అక్షరాల్లో రాసి ఉంది: కుడి రెండు. కాలవ. జాగ్రత్త.

ఇద్దరూ ఆ చేప మీదికి వంగి చూశారు.

"ఆరోజు పొద్దున," అన్నాడు సెల్వా నెమ్మదిగా, "బానెట్టు మీద కూర్చుని నాసి లెమాక్ తిన్నదెవరు?"

"బానెట్టు కాలుతోందిరా. పొట్లం కింద ఏదో ఒకటి పరుచుకోవాలి కదా."

"నా పుస్తకం పరిచావా?"

"మూసే ఉంది అనుకున్నాను."

"మూసి ఉంటే చేప ఎలా దూరింది? ఈతకొట్టుకుంటూ వెళ్ళిందా?"

"నువ్వు మాత్రం! రెండు పేజీలు ఒకేసారి తిప్పితే చేతికి తెలీదా? భూములు కూడా ఇలాగే కొలుస్తున్నావా?"

"ఇవాళ శుక్రవారం రా! నేను చేప ముట్టను!" అని సెల్వా చేయి గాల్లోకి ఎత్తాడు. వేలికి అంటుకున్న నెత్తళ్ళ చేప ఊడి బహరిన్ హెల్మెట్టు అద్దం మీద పడి అతుక్కుంది. బహరిన్‌కి లోకమంతా చేప తోక వెనక నుంచి కనబడింది. ముందు ఎవరికి నవ్వొచ్చిందో తర్వాత ఇద్దరూ ఒప్పుకోలేదు. కారు మాత్రం నాలుగు కాటాల మీద కిర్రుకిర్రుమని ఊగింది. నవ్వి నవ్వి హెల్మెట్లు తీసేశారు. కళ్ళు తుడుచుకున్నారు. చెమటేనని ఇద్దరూ చెప్పుకున్నారు.

కారు కింద నుంచి బల్ల జారి బయటికొచ్చింది. ఛోంగ్ లేచి నిలబడి గోడ గడియారం చూశాడు. గంటా పది నిమిషాలు.

"బిగిసింది. దిగండి. ఎనభై ఒకటీ, నీకు నమాజు టైమవుతోంది."

రేసులో వాళ్ళు తొమ్మిదో స్థానంలో వచ్చారు. బండి కాటా మీద నిలబడినట్టే మలుపుల్లో నిలబడింది. మధ్యలో వర్షం వచ్చి బహరిన్‌కి కళ్ళు కనబడకపోయినా సెల్వా గొంతు కనబడినంత స్పష్టంగా వినబడింది. కాఫీ కొట్టు బల్ల దగ్గర ఆ తొమ్మిదో స్థానం గురించి చెప్పడానికి ఇద్దరికీ ఒక సాయంత్రం చాలలేదు.

ఆ మరుసటి వారం బహరిన్ ఛోంగ్‌కి ఇవ్వడానికి రెండు అనాసపళ్ళు తీసుకుని షెడ్డుకి వెళ్ళాడు. ఛోంగ్ లేడు. ఆయన భార్య మోయ్ ఆంటీ ఒక్కతే, షెడ్డు మధ్య నుంచి రెండు సిమెంటు సంచులను మూలకు ఈడ్చుకుంటూ కనబడింది. సంచుల నిండా ఇసుక. బహరిన్ పళ్ళు పక్కన పెట్టి సాయం పట్టబోయి ఆగిపోయాడు. ఒక సంచి మీద సుద్దతో ఎనభై ఒకటి అని ఉంది. ఇంకోదాని మీద యాభై తొమ్మిది.

"ఇవేంటి ఆంటీ?"

"ఇవా? మీరిద్దరే," అంది మోయ్ నడుం పట్టుకుని నిలబడుతూ. "ఆ శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే మిమ్మల్ని సీట్లలో పెట్టి పని కానిచ్చేశాడు. మీరొచ్చేసరికి అన్ని బోల్టులూ బిగిసిపోయాయి."

బహరిన్ సంచి మీది అంకెని మళ్ళీ చదివాడు. "మరి గంటా పది నిమిషాలు కారు కింద ఏం చేశారు?"

"పుచ్చగింజలు కొరుక్కుంటూ పడుకున్నాడు. మధ్యమధ్య పానాతో ఒక దెబ్బ కొడుతూ. మర్నాడు ఊడుస్తుంటే ఇంత పొట్టు."

"బియ్యానికి భయం ఉండదని చెప్పారు ఆంటీ!"

"ఇసుకకి మాత్రం ఉంటుందా నాయనా?"

"మమ్మల్ని ఉడకబెట్టేశారు!"

"నయం, మీరు తొందరగా నవ్వారు. ఎలక్ట్రికల్ కొట్టు మామా అల్లుళ్ళు మూడు గంటలు పట్టించారు. పుచ్చగింజలు అయిపోతే మళ్ళీ నేనే కారు కిందికి జారవిడిచాను." మోయ్ ముఖం తుడుచుకుంది. "ఎందుకయ్యా ఇదంతా అని అడిగితే చెప్పడు. బోల్టు, రబ్బరు, గాలి అంటూ ఏదో అంటాడు. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురం, నాకే అర్థం కాదు, నీకేం చెబుతాడు?"

బహరిన్‌కి ఒక్క క్షణం ఒళ్ళు మండింది. తర్వాత ఆ మంట ఎటు పోయిందో తెలియలేదు. రెండు నెలలు జైతూన్ చెప్పినా కానిది, తను చెయ్యలేనిది, ఈ ముసలాయన నేల మీద పడుకుని గింజలు కొరుక్కుంటూ చేసేశాడు. చేసి, ఒక్కమాటైనా అనలేదు. ఎవరికీ తెలియకూడదని ఆరోజు ఇసుక సంచులు దాచేశాడు. తనకి ఇంత మంచి చేసినవాణ్ణి ఏమని పిలవాలో బహరిన్‌కి తోచలేదు.

అంతలో బయట బండి చప్పుడయింది. ఛోంగ్ ముందు నడుస్తూ దారి చూపిస్తుంటే పాత ఆకుపచ్చ కారు ఒకటి షెడ్డులోకి వస్తోంది. అదీ నాలుగు చక్రాలూ లాగే రకమే. అందులో లంబాక్ కొండ కింద పళ్ళతోట ఉన్న లియూ అక్కచెల్లెళ్ళు ఉన్నారు. తండ్రి పోయాక ఆయన పెంచిన పావురాన్ని ఎవరు ఉంచుకోవాలనే తగువులో పడి, ఏడాదిగా ఒకే కారులో ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చుని ఊళ్ళోకి వస్తున్నారని అందరికీ తెలుసు.

"ఇద్దరూ ముందు సీట్లోనే కూర్చోవాలి," ఛోంగ్ చెబుతున్నాడు. "లేకపోతే నా వల్ల కాదు."

"ఎందుకు కూర్చోవాలి? ఆమె బదులు ఏదైనా మూట పెట్టుకోండి," అంది పెద్దది కారు దిగుతూ. "మీ షెడ్డులో సంచులేం లేవా?"

ఆమె చూపు షెడ్డంతా తిరుగుతోంది. ఛోంగ్ ముఖంలో రంగు మారింది. మోయ్ బహరిన్ వైపు చూసింది. బహరిన్ మరేం ఆలోచించలేదు. రెండడుగులు వెనక్కి వేసి, కట్టుకున్న సారోంగు లుంగీ అంచులు రెండు పక్కలా బాగా పరుచుకునేలా, ఆ రెండు సంచుల మీద చతికిలబడి కూర్చున్నాడు.

"ఏం బహరిన్, అక్కడ కూర్చున్నావేం?" అంది పెద్దది.

"నడుం పట్టేసిందక్కా. లేవలేకపోతున్నాను. మీరు కానివ్వండి."

ఛోంగ్ అతన్ని చూశాడు. అతని కింద ఉబ్బెత్తుగా ఉన్న సారోంగుని చూశాడు. అక్కచెల్లెళ్ళని కారెక్కించి, అద్దాలు ఎత్తించి, జేబులో పుచ్చగింజల పొట్లం ఉందో లేదో తడిమి చూసుకుని, కారు కిందికి జారిపోయాడు.

లియూ అక్కచెల్లెళ్ళు నవ్వడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అప్పటిదాకా బహరిన్ ఆ సంచుల మీద నుంచి లేవలేదు.